శ్రీశైలం నడకకు ఏ గాడ్జెట్ సంచిలో పెట్టాలి, ఏది ఇంట్లో వదలాలి

శివరాత్రి దగ్గరపడుతుంటే మా దేవరకొండలో మాల వేసుకున్నవాళ్ల మధ్య ఒక మాట తప్పకుండా వస్తుంది. "స్వామీ, ఈసారి ఫోన్ తెస్తున్నరా, ఇంట్ల పెట్టి వస్తున్నరా?" సగంమంది పెట్టి రావాలంటారు. నడిచేదే మనసు కుదురుగా ఉండటానికి, జేబులో అది మోగుతూ ఉంటే ఇక ఆ నడక ఎందుకని వాళ్ల మాట. మిగతా సగం ఫోన్‌తో పాటు పవర్‌బ్యాంక్, బ్లూటూత్ స్పీకర్, స్మార్ట్ వాచ్, వీడియోలు తీసే చిన్న కెమెరా కూడా సర్దుకుంటారు. మొదటిసారి నడిచేవాళ్లు ఈ ఇద్దరి మధ్య ఎటూ తేల్చుకోలేక ఉండిపోతారు.

నేను రెండు రకాలుగానూ నడిచాను. ఫోన్ లేకుండా ఒకసారి, సంచినిండా వైర్లతో ఒకసారి, ఆ తర్వాత మధ్యస్థంగా. మొత్తానికి "తీసుకెళ్లాలా వద్దా" అని అడిగితే జవాబు దొరకదని నాకు అర్థమైంది. ఒక్కో వస్తువును విడిగా చేతిలోకి తీసుకుని రెండు ప్రశ్నలు వేసుకోవాలి. దారిలో ఇది చేసే పని ఏమిటి? ఇది ఆగిపోతే ఆ పని ఎలా జరుగుతుంది?

రెండో ప్రశ్న విలువ నాకు నల్లమల అడవి లోయలో లింగమయ్య ఉండే సలేశ్వరంలో తెలిసింది. చైత్ర పౌర్ణమికి అటవీ శాఖ కొద్ది రోజులే అక్కడికి దారి వదులుతుంది. "వస్తున్నం లింగమయ్యా" అని అరుచుకుంటూ రాళ్ల మీదుగా లోయలోకి దిగాం. తిరిగి ఎక్కేటప్పుడు పొద్దుగుంకింది. పౌర్ణమి వెలుతురు ఉంటుంది కదా అని టార్చి తీసుకెళ్లలేదు. చెట్ల కిందికి ఆ వెలుతురు రాదు. ఫోన్ లైటు వేసుకుని ఎక్కాను. పొద్దుటి నుంచి ఫొటోలు తీస్తూ, లేని సిగ్నల్‌ను వెతుకుతూ సగం అయిపోయిన ఫోన్ అది. పైకి వచ్చేసరికి ఆరిపోయింది. రాత్రి మన్ననూరు చేరాక వేరేవాళ్ల ఫోన్ అడిగి ఇంటికి చేశాను. "స్విచ్చాఫ్, స్విచ్చాఫ్ అంటుంటే నేనేం అనుకోవాలె బిడ్డా" అని అమ్మ ఏడ్చింది. ఆ రోజు లైటు, ఫోన్ రెండూ ఒకే బ్యాటరీ మీద ఉన్నాయి. లైటు వాడుకున్నందుకు ఫోన్ పోయింది. అప్పటి నుంచి నాది ఒకటే నియమం: ప్రాణానికి అవసరమైన రెండు పనులను ఒకే బ్యాటరీకి అప్పగించను.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది సిగ్నల్. నల్లగొండ వైపు నుంచి దేవరకొండ, డిండి మీదుగా వచ్చినా, మహబూబ్‌నగర్ వైపు నుంచి జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా వచ్చినా, రోడ్డు పట్టుకుని నడిచేవాళ్లంతా మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఒకే దారిలో కలుస్తారు. అక్కడిదాకా ఊళ్లు, హోటళ్లు, సిగ్నల్ అన్నీ ఉంటాయి. మన్ననూరు నుంచి దోమలపెంట దాకా సుమారు 60 కిలోమీటర్లు అడవి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలి భాగం (కోర్), దాని చుట్టూ ఉన్న అంచు (బఫర్) కలిపి 2,611 చదరపు కిలోమీటర్లు. అందులోంచే మన రోడ్డు పోతుంది. వటవర్లపల్లి, ఈగలపెంట లాంటి చోట్ల ఫోన్ కలుస్తుంది. మధ్యలో చాలాసేపు గీతలు కనబడవు. అంటే మీ నడకలో రెండు రోజులు ఫోన్ ఉన్నా చాలాసేపు మాట్లాడలేరు. ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పి బయల్దేరితే సగం టెన్షన్ తగ్గుతుంది.

రెండోది చార్జింగ్. అన్నదానం టెంట్ల దగ్గర కరెంటు ఉంటుంది, కానీ ఒక్క జంక్షన్ బాక్సుకు ఇరవై చార్జర్లు వేలాడుతుంటాయి. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకు ఎవరి చార్జర్ ఎవరిదో తెలియదు, ఫోన్ ఉంటుందన్న నమ్మకమూ లేదు. కాబట్టి దారిలో చార్జింగ్ దొరకదనుకునే లెక్క వేసుకోవాలి. దొరికితే లాభం.

మూడోది బరువు. రోజుకు 30 కిలోమీటర్లు నడిస్తే దాదాపు 40 వేల అడుగులు. మొదటి రోజు అరకిలో లెక్కలోకి రాదు. మూడో రోజు అరికాలులో బొబ్బలు లేచాక సంచిలో ఉన్న ప్రతి వైరూ గుర్తొస్తుంది.

నాలుగోది ఎండ. శివరాత్రికి పరవాలేదు కానీ సలేశ్వరం జాతర ఏప్రిల్ ఎండల్లో వస్తుంది. మన దగ్గర అప్పటికే 40 డిగ్రీలు. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని తయారుచేసేవాళ్లే చెప్తారు. మిగతా ఫోన్లలోనూ ఉండేది అదే లిథియం బ్యాటరీ. సంచి పై అరలో, ఎండ నేరుగా తగిలేచోట పవర్‌బ్యాంక్ పెట్టి, దానికి ఫోన్ తగిలించి నడవడం నేను చూసిన వాటిలో అన్నిటికంటే ప్రమాదకరమైన అలవాటు. రెండూ వేడెక్కుతాయి. తువ్వాలలో చుట్టి సంచి మధ్యలో పెట్టండి, చార్జింగ్ నీడలో ఆగినప్పుడే పెట్టండి.

ఇక ఐదోది, ఇంట్లో మీకోసం ఎదురుచూసేది ఎవరు అన్నది. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నా దృష్టిలో మిగతా నాలుగింటికంటే ఇదే పెద్దది.

ఒక్క చూపులో

| ఏం తీసుకెళ్తారు | సుమారు బరువు | ఐదు రోజులకు చార్జింగ్ | అడవిలో పనికొచ్చేది | ఇబ్బంది |
|---|---|---|---|---|
| టార్చి మాత్రమే | 100-200 గ్రాములు | విడి సెల్స్ ఒక జత చాలు | వెలుతురు | ఆపద వస్తే పక్కవాళ్లే దిక్కు |
| బటన్ ఫోన్, టార్చి | 200-300 గ్రాములు | చాలావరకు అక్కర్లేదు | వెలుతురు, సిగ్నల్ ఉన్నచోట మాట | మ్యాప్ ఉండదు |
| స్మార్ట్‌ఫోన్, 10,000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత) పవర్‌బ్యాంక్, టార్చి | 550-650 గ్రాములు | పొదుపుగా వాడితే సరిపోతుంది | వెలుతురు, మాట, మ్యాప్, ఫొటో | చేయి ఊరుకోదు |
| పైవన్నీ, వాచ్, కెమెరా, స్పీకర్, సోలార్ ప్లేట్ | 2 కిలోలు, ఇంకా పైన | రోజూ వెతుక్కోవాలి | పెద్దగా పెరిగేదేమీ లేదు | బరువు, కాపలా |

ఏమీ లేకుండా నడవడం

మా గురుస్వామి చేతికర్ర, భుజాన సంచి, ఒక టార్చితో వస్తారు. ఇన్నేళ్లలో ఆయన దగ్గర ఫోన్ చూడలేదు. ఆయన పక్కన నడిచిన రోజు నేను విన్నన్ని పిట్టల అరుపులు ఎప్పుడూ వినలేదు. ఫోన్ లేకుండా నడిచిన ఏడాది మొదటి రెండు రోజులు చేయి ఊరికే జేబులోకి పోయేది. మూడో రోజుకు మానేసింది. ఆ మూడో రోజు నుంచి మనిషికి దొరికే నెమ్మది ఉందే, దాని కోసం ఎవరైనా ఫోన్ వదిలి వస్తానంటే నేను ఆపను.

కానీ ఒక సంగతి మరిచిపోకూడదు. గురుస్వామి వెనక పదిహేనుమందిమి నడుస్తాం, మాలో ఎనిమిదిమంది దగ్గర ఫోన్లు ఉంటాయి. కాలు మడతపడినా, ఎండదెబ్బ తగిలినా 108కి చేసేది వాళ్లే. ఏమీ లేకుండా నడవడం గుంపులో ఉన్నవాళ్లకు కుదురుతుంది. ఒంటరిగా, ఇద్దరిద్దరుగా నడిచేవాళ్లు ఆయన్ని చూసి ఫోన్ ఇంట్లో పెట్టి రావద్దు.

బటన్ ఫోన్

నేను ఎక్కువమందికి చెప్పేది ఇదే. చిన్న ఫోన్ బ్యాటరీ 1,000 ఎంఏహెచ్ చుట్టూ ఉన్నా, తక్కువగా మాట్లాడితే నాలుగైదు రోజులు ఆగుతుంది. కిందపడితే పగలదు. ఎవరూ ఎత్తుకుపోరు. వాట్సాప్ లేదు కాబట్టి నడక నడకలాగే ఉంటుంది.

కొనేముందు సిమ్ సంగతి చూసుకోండి. జియోకు 2జీ లేదు, కాబట్టి ఆ సిమ్ మామూలు పాత బటన్ ఫోన్‌లో పనిచేయదు, 4జీ ఉన్న బటన్ ఫోనే కావాలి. బయల్దేరే ముందు రోజు సిమ్ మార్చి, పనిచేయడం లేదని తెలుసుకుని, మళ్లీ స్మార్ట్‌ఫోనే పట్టుకొచ్చినవాళ్లు మా గుంపులోనే ఇద్దరు. బ్యాంకు, గ్యాసు ఓటీపీలు కూడా ఆ సిమ్‌కే వస్తాయని ఇంట్లో గుర్తుచేసి రండి.

గుంపుగా వెళ్తుంటే అందరి ఫోన్లూ ఒకే కంపెనీ సిమ్‌తో ఉండకుండా చూసుకోవడం ఇంకా ముఖ్యం. ఒక టవర్ అందని మలుపులో ఇంకొకటి అందుతుంది. అత్యవసరంలో 112 నొక్కితే, మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా అక్కడ అందే వేరే నెట్‌వర్క్ మీద కాల్ పోతుంది. ఏ నెట్‌వర్కూ లేనిచోట మాత్రం 112 కూడా పోదు.

స్మార్ట్‌ఫోన్, పవర్‌బ్యాంక్

స్మార్ట్‌ఫోన్ తీసుకెళ్లడానికి సరైన కారణం మ్యాప్. సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని చాలామంది అనుకుంటారు. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాన్ని అందుకుంటుంది, దానికి టవర్‌తో పనిలేదు. టవర్ కావాల్సింది మ్యాప్ బొమ్మ దిగడానికి. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే గూగుల్ మ్యాప్స్‌లో డిండి నుంచి శ్రీశైలం దాకా ఉన్న భాగాన్ని ఆఫ్‌లైన్‌గా దింపి పెట్టుకుంటే, ఫ్లైట్ మోడ్‌లో కూడా మీరున్న చోట నీలం చుక్క కనిపిస్తుంది. ఇంటి దగ్గర ఒకసారి ఫ్లైట్ మోడ్ వేసి చుక్క కదులుతుందో లేదో చూసుకునే బయల్దేరండి. హైవే మీద నడిచేవాళ్లకు దీని అవసరం పెద్దగా ఉండదు, దారి తప్పే వీలు లేదు. కాలిబాటలు చీలే చోట్ల ఇది నిజంగా ఆదుకుంటుంది. అడవిలోపలికి అనుమతి లేకుండా వెళ్లకూడదన్నది వేరే చెప్పనక్కర్లేదు.

ఫ్లైట్ మోడ్ ఎందుకంటే, టవర్ దూరమయ్యేకొద్దీ ఫోన్ ఎక్కువ శక్తితో దాన్ని పిలుస్తూ ఉంటుంది. జేబులో ఊరికే ఉన్న ఫోన్ మధ్యాహ్నానికి సగం ఖాళీ కావడానికి కారణం అదే. అడవి దాటేదాకా ఫ్లైట్ మోడ్‌లో ఉంచి, ఆగిన చోట పది నిమిషాలు తీసి, ఇంటికి ఒక మెసేజ్ పెట్టి మళ్లీ వేయండి. కాల్ కలవని చోట కూడా మామూలు ఎస్ఎంఎస్ ఒక్కోసారి పోతుంది.

ఇక పవర్‌బ్యాంక్ లెక్క. డబ్బా మీద 10,000 ఎంఏహెచ్ అని ఉంటే 5,000 బ్యాటరీ ఉన్న ఫోన్ రెండుసార్లు నిండుతుందనుకుంటాం. ఆ అంకె లోపలి సెల్స్ 3.7 వోల్టుల లెక్క. బయటికి 5 వోల్టులుగా మారేటప్పుడు కొంత, వేడిగా కొంత పోతుంది. చేతికి వచ్చేది సుమారు ఒకటిన్నరసారి. ఇంటి నుంచి నిండుగా తెచ్చింది ఒకటి, ఇది ఒకటిన్నర, మొత్తం రెండున్నర. ఐదు రోజులకు పంచితే రోజుకు సగం చార్జి. ఫ్లైట్ మోడ్ పాటించేవాళ్లకు ఇది హాయిగా సరిపోతుంది. రోజూ వీడియోలు తీసి స్టేటస్ పెట్టేవాళ్లకు 20,000 ఉన్నా చాలదు, పైగా దాని బరువు 400 గ్రాముల దగ్గర ఉంటుంది. నా సలహా 10,000 తీసుకుని అలవాటు మార్చుకోమనే.

స్మార్ట్‌ఫోన్ ఉంది కదా అని డబ్బులు తీసుకెళ్లకపోవడం ఇప్పుడు కొత్తగా వచ్చిన ఇబ్బంది. నెట్ లేనిచోట స్కానర్ ఉన్నా ఫోన్‌పే పోదు. చాయ్ కాడ, మజ్జిగ కాడ నిలబడి ఫోన్ పైకెత్తి తిప్పేవాళ్లను ప్రతి ఏడాదీ చూస్తున్నాను. పది, ఇరవై, యాభై నోట్లు కలిపి కొంత చిల్లర, ఆధార్ జిరాక్స్ ఒకటి, నాలుగు ముఖ్యమైన నంబర్లు రాసిన కాగితం ఒకటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి లోపలి జేబులో పెట్టుకోండి. ఫోన్ ఆరిపోయిన రోజు ఆ కాగితమే ఫోన్.

టార్చి గురించి కొంచెం ఎక్కువ

ఎవరు ఏది వదిలినా దీన్ని మాత్రం వదలొద్దు. తెల్లవారుజామున నాలుగింటికే నడక మొదలవుతుంది, ఎండ ముదరకముందే సగం దూరం పోవాలని. ఆ వేళ రోడ్డు పక్కన పాములుంటాయి. పులుల అభయారణ్యం గుండా పోయే రోడ్డు మీద రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా వాహనాలు ఆపేస్తారు. అది జంతువుల కోసం పెట్టిన నియమం, మనమూ పాటించాలి. చీకట్లో అడవి భాగంలో నడవకండి. కానీ ఊళ్ల మధ్య నడిచేటప్పుడు, రాత్రి బయటికి పోవాల్సి వచ్చినప్పుడు లైటు కావాలి.

తలకు కట్టుకునే లైటా, చేతి టార్చా అంటే నాకు రెండూ ఇష్టమే, ఒక్కటే అంటే తల లైటు. చేతులు ఖాళీగా ఉంటాయి, కర్ర పట్టుకోవచ్చు. బరువు వంద గ్రాముల లోపు. దాని లోపం కూడా చెప్పాలి. వెలుతురు కంటి ఎత్తు నుంచి పడితే నీడలు కనబడవు, గుంత, రాయి సమంగా అనిపిస్తాయి. రాళ్ల దారిలో దాన్ని తీసి నడుము దగ్గర పట్టుకుంటే ప్రతి రాయికీ నీడ పడి దారి స్పష్టంగా కనిపిస్తుంది. రాత్రిపూట పొలానికి మోటారు వేయడానికి పోయే రైతు టార్చి కిందికి పట్టుకుని నడవడం ఇందుకే. చార్జింగ్‌ది కాకుండా సెల్స్ వేసేది కొంటే, వాటిని ఏ కిరాణా కొట్లోనైనా దొరికించుకోవచ్చు. వెనక నుంచి వచ్చే లారీకి కనబడేలా సంచికి ఎర్రగా మినుకుమనే సైకిల్ లైటు ఒకటి తగిలిస్తే ఇంకా మంచిది. నా దృష్టిలో రోడ్డు మీద పాదయాత్రికుడికి పులికంటే లారీతోనే ఎక్కువ ప్రమాదం.

అందుకే చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నడవొద్దని చేతులు జోడించి చెప్తున్నాను. వెనక హారన్ వినబడదు. అడవి పక్కన పొదలో ఎలుగుబంటి కదిలిన చప్పుడూ వినబడదు.

మిగతావి త్వరగా

స్మార్ట్ వాచ్: జీపీఎస్ పెట్టి నడిస్తే చాలావాటికి ఒక రోజు కూడా ఆగదు, దానికి వేరే వైరు. ఎన్ని అడుగులు వేశామో మన కాళ్లే చెప్తాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి నిర్ణయించుకోండి, వాచ్‌ను చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

సోలార్ ప్లేట్: సంచి మీద వేలాడదీసుకుని నడిస్తే ఎండ నేరుగా తగిలేది కొద్దిసేపే. చెట్ల నీడలో దాదాపు ఏమీ రాదు. అరకిలో బరువుకు ఆ ఫలితం చాలదు.

స్పీకర్: ఊళ్లలో భజన పాటలకు సరే. మన్ననూరు దాటాక ఆపేయండి. అక్కడ మనం చుట్టాలం, ఇల్లు జంతువులది, చెంచులది.

డ్రోన్: అభయారణ్యంలో అనుమతి లేకుండా ఎగరేయకూడదు. శ్రీశైలం డ్యామ్ దగ్గర అసలే వద్దు.

శాటిలైట్ ఫోన్, శాటిలైట్ మెసేజ్ పంపే పరికరం: అమెరికాలో ఉన్న మా మేనబావ ఒకటి పంపిస్తానన్నాడు, అక్కడి కొండల్లో నడిచేవాళ్లంతా వాడతారట. వద్దన్నాను. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అలాంటిది దగ్గర పెట్టుకోవడమే నేరం, పట్టుబడినవాళ్ల మీద కేసులు అయ్యాయి. మంచి ఉద్దేశంతో బంధువులు పంపినా తీసుకోకండి.

మీరు ఎవరైతే ఏది

యాభై దాటి, బీపీయో షుగరో ఉండి గుంపుతో నడిచేవాళ్లు బటన్ ఫోన్, టార్చి తీసుకోండి. ఫోన్ వెనక టేపు అంటించి కొడుకు నంబరు, వేసుకునే మందుల పేర్లు రాయండి. మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే తాళం వేసిన స్మార్ట్‌ఫోన్ కంటే ఆ టేపు త్వరగా పనిచేస్తుంది.

ఇద్దరు ముగ్గురుగా నడిచే కుర్రవాళ్లకు ఒక స్మార్ట్‌ఫోన్, ఒక బటన్ ఫోన్, ఒక పవర్‌బ్యాంక్, తలా ఒక లైటు. ముగ్గురూ మూడు పవర్‌బ్యాంకులు మోయడం అనవసరం. స్మార్ట్‌ఫోన్ ఎవరి దగ్గర ఉంటే పవర్‌బ్యాంక్ ఇంకొకరి సంచిలో ఉండాలి. ఒక సంచి పోయినా రెండూ పోవు.

ఆడవాళ్లు విడిగా గుంపుగా నడుస్తుంటే ప్రతి ఒక్కరి దగ్గరా ఫోన్ ఉండాలన్నదే నా మాట, బరువు ఎంతైనా సరే. లొకేషన్ షేరింగ్ పెట్టినా అది సిగ్నల్ ఉన్నచోటే కదులుతుందని ఇంట్లోవాళ్లకు చెప్పండి. లేకపోతే అడవిలో మూడు గంటలు కదలని చుక్కను చూసి వాళ్లు బెంబేలెత్తిపోతారు. "పొద్దున ఆరింటికి, రాత్రి ఏడింటికి చేస్తాం, ఫలానా రెండు రోజులు చేయకపోయినా కంగారుపడొద్దు, మూడో రోజు పొద్దునకూ చేయకపోతే వెతకండి" అని ఒక ఒప్పందం పెట్టుకోవడం అన్ని యాప్‌లకంటే మేలు.

భువనగిరి కొండ మీద ఎక్కడం నేర్చుకుని ఉత్తరాఖండ్, లద్దాఖ్ వైపు పెద్ద ట్రెక్కులకు పోయే పిల్లలకు లెక్క తిరగబడుతుంది. అక్కడ ఎండ బదులు చలి బ్యాటరీని తినేస్తుంది. రాత్రి ఫోన్, పవర్‌బ్యాంక్ స్లీపింగ్ బ్యాగ్ లోపల ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి. లద్దాఖ్, కశ్మీర్‌లో మన దగ్గరి ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ అయితే పనిచేస్తాయి. ఈ ఒక్కటి తెలియక విమానం దిగాక ఇబ్బంది పడినవాళ్లున్నారు.

భార్యాపిల్లలను తీసుకుని నడిచేవాళ్లకు ఒక చివరి మాట. ఏ ఫోన్ తెచ్చినా శ్రీశైలం గుడిలోకి తీసుకెళ్లనివ్వరు, బయట కౌంటర్లో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. శివరాత్రి జనంలో, సరిగ్గా తప్పిపోయే అవకాశం ఎక్కువగా ఉన్న ఆ కొన్ని గంటలూ ఎవరి దగ్గరా ఫోన్ ఉండదు. పిల్లల జేబులో నంబరు రాసిన కాగితం పెట్టి, "విడిపోతే గంగాధర మండపం కాడికి రండి, అక్కడి నుంచి కదలకండి" అని లైన్లో నిలబడకముందే అందరితో రెండుసార్లు చెప్పించండి.